మనవడికీ మనవరాలికీ సైకిలు కొనేముందు

(రాయదుర్గం విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ మాట్లాడుకునే ఈ వేదిక మీద పిల్లల సైకిళ్ళ గురించి మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించినప్పుడు కొందరు మిత్రులు నవ్వారు. కానీ ఆలోచించండి. పెన్షను పడిన వారంలో మన ఇళ్ళలో వినిపించే మొదటి మాట ఏమిటి? "తాతా, సైకిలు తీసియ్యి." కొడుకూ కోడలూ ఉద్యోగాల హడావుడిలో ఉంటారు. ఆ కోరిక తీర్చే భాగ్యం, బాధ్యత రెండూ మనకే దక్కుతాయి. మనం పెట్టే నాలుగైదు వేలు మనకు చిన్న మొత్తం కాదు. అంతకన్నా పెద్దది పిల్లవాడి మోకాలు, పంటి వరుస, ధైర్యం. అందుకే ముప్పయ్యేళ్ళకు పైగా పాఠశాలల్లో డ్రిల్లు అయ్యవారుగా పిల్లల వెనక పరుగెత్తినవాడిగా నాకు తెలిసిన నాలుగు ముక్కలు మనవి చేస్తాను.

మన సైకిలు వేరు, పిల్లల సైకిలు వేరు

మన తరానికి సైకిలు ఆటవస్తువు కాదు, ఉద్యోగంలో సగం. అప్పట్లో సైకిలుకు లైసెన్సు ఉండేది. మునిసిపాలిటీ వాళ్ళో పంచాయతీ వాళ్ళో ఇచ్చే బిళ్ళ హ్యాండిలు దగ్గర బిగించుకునేవాళ్ళం. రాత్రిపూట దీపం లేకుండా పోతే జరిమానా, ఇద్దరెక్కితే జరిమానా. లూధియానాలో 1956లో మొదలైన హీరో, సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్, మద్రాసులో 1949లో మొదలైన టి.ఐ. సైకిల్స్ వారి హెర్క్యులిస్, బి.ఎస్.ఏ. - ఈ పేర్లు మనకు బంధువుల పేర్లంత పరిచయం. ఐక్యరాజ్యసమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిలు దినంగా ప్రకటించింది. సరిగ్గా రెండేళ్ళ తరువాత, 2020 జూన్ 3నే, అట్లాస్ వారి సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ వార్త చదివి మనలో ఎందరో నిట్టూర్చి ఉంటారు.

అప్పట్లో పిల్లలకని వేరే సైకిలు కొనే స్తోమత ఎన్ని ఇళ్ళకుండేది? గంట లెక్కన అద్దె సైకిలు తెచ్చుకోవడం, లేదా నాయన సైకిలు కడ్డీ కిందినుంచి కాలు దూర్చి వంకరగా తొక్కడం. సుమారు ఇరవై కిలోల సైకిలును ముప్పై కిలోలైనా లేని పిల్లవాడు అట్లా తొక్కేవాడు. మోకాళ్ళు చీరుకుపోయి నేర్చుకున్నాం. "మేం అట్లానే నేర్చుకున్నాం, వీడికేం?" అనే మాట మన నోట వస్తుంటుంది. మనకు గత్యంతరం లేక అట్లా నేర్చుకున్నాం. ఇప్పుడు పిల్లల కొలతకు తగ్గ సైకిళ్ళు దొరుకుతున్నాయి కదా!

ఇంకో సంగతి. గాలి నింపే టైరు వాడుకలోకి వచ్చిందే ఒక పిల్లవాడి సైకిలు కోసం. ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడు చక్రాల సైకిలు గట్టి చక్రాలతో ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రాలకు చుట్టాడు. 1888లో దానికి పేటెంటు పొందాడు. ఈనాడు లారీలూ బస్సులూ గాలి మీద నడుస్తున్నాయంటే ఆ మార్గం తెరిచింది పిల్లవాడి సైకిలు మీద ఒక తండ్రి పెట్టిన శ్రద్ధే. ఆ శ్రద్ధలో పాతిక వంతు మనం చూపితే చాలు.

ప్యాంటు కొలతే సైకిలు కొలత

మన రాయదుర్గం జీన్సు ప్యాంట్ల ఊరు. లోపలి కాలి కొలత, అంటే మనవాళ్ళు ఇన్‌సీమ్ అనేది, తెలియకుండా ఏ దర్జీ అయినా గుడ్డ మీద కత్తెర పెడతాడా? పిల్లల సైకిలుకు కూడా ఆ కొలతే ముఖ్యం. వయసు కాదు, క్లాసు కాదు, పక్కింటి పిల్లవాడి సైకిలు అంతకన్నా కాదు.

కొలవడం సులభం. పిల్లవాణ్ణి చెప్పులు తొడిగించి గోడకు ఆనించి నిలబెట్టండి. ఒక అట్ట పుస్తకాన్ని కాళ్ళ సందున, సీటు మీద కూర్చున్నట్టుగా పైకి ఆనించి పట్టండి. పుస్తకం పై అంచు నుంచి నేల వరకు టేపుతో కొలవండి. ఆ అంగుళాలు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుని షాపుకు వెళ్ళండి.

ఇక్కడ ఒక గందరగోళం ఉంది. మన పెద్ద సైకిళ్ళలో 22 సైజు, 24 సైజు అంటే ఫ్రేము కొలత. పిల్లల సైకిళ్ళలో 12, 14, 16, 20, 24 అంటే చక్రం వ్యాసం, అంగుళాల్లో. ఉజ్జాయింపుగా చెప్పాలంటే లోపలి కాలి కొలత 14 నుంచి 16 అంగుళాలుంటే 12 అంగుళాల చక్రం, 17 నుంచి 20 ఉంటే 16 అంగుళాలది, 20 నుంచి 24 ఉంటే 20 అంగుళాలది, అది దాటితే 24 అంగుళాలది సరిపోతుంది. వయసులో చెబితే మూడు నాలుగేళ్ళు, అయిదారేళ్ళు, ఏడు నుంచి తొమ్మిది, ఆపైన అనుకోవచ్చు. కంపెనీ కంపెనీకీ ఫ్రేము మారుతుంది కాబట్టి ఈ లెక్క షాపు గుమ్మం వరకే. లోపలికి వెళ్ళాక పిల్లవాణ్ణి ఎక్కించి చూడటమే అసలు పరీక్ష.

ఆ పరీక్షలో రెండు సంగతులు చూడాలి. కొత్తగా నేర్చుకునే పిల్లవాడు సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలి, మునివేళ్ళు మాత్రం ఆనితే చాలదు. సీటు దిగి కడ్డీకి అటూ ఇటూ కాళ్ళు పెట్టి నిలబడితే, కడ్డీకీ ఒంటికీ మధ్య అంగుళమో రెండంగుళాలో ఖాళీ ఉండాలి. తొక్కడం వచ్చిన తరువాత సీటు కొంచెం కొంచెం పైకి లేపుతూ పోవాలి. పెడలు కిందికి వెళ్ళినప్పుడు కాలు దాదాపు నిటారుగా సాగితే మోకాళ్ళకు మంచిది. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనబడేంత పైకి మాత్రం లేపకూడదు.

"పెరిగే పిల్లవాడు, ఒక సైజు పెద్దది తీసుకుందాం, నాలుగేళ్ళు వస్తుంది" అనడం మన సంసారపక్షపు అలవాటు. చొక్కా వదులైతే చేతులు మడుచుకుంటాడు. సైకిలు పెద్దదైతే మడిచేందుకు వీల్లేదు. కాలు అందదు, బ్రేకు అందదు, రెండుసార్లు పడతాడు, మూడోసారి ఎక్కనంటాడు. ఆ సైకిలు మెట్ల కింద దుమ్ము కొట్టుకుంటుంది. అప్పుడు మిగిలింది ఆదా కాదు, పూర్తి నష్టం.

బరువూ, హంగులూ

రెండో సంగతి బరువు. అయిదేళ్ళ పిల్లవాడు పదహారు, పద్దెనిమిది కిలోలుంటాడు. ఇనుప ఫ్రేముతో వచ్చే 16 అంగుళాల సైకిలు తొమ్మిది నుంచి పదకొండు కిలోలుంటుంది. అంటే పిల్లవాడి బరువులో సగం పైన! డెబ్బై కిలోల మనకు నలభై కిలోల సైకిలు ఇచ్చినట్టు. కాబట్టి రెండు సైకిళ్ళను ఒక్కొక్క చేత్తో ఎత్తి చూడండి. తేలికైనదాన్ని ఎంచుకోండి.

షాపుల్లో పిల్లల కళ్ళు పడేది హంగుల మీద. ముందూ వెనకా షాకులు, లావుపాటి టైర్లు, గేర్లు, రంగు బుట్టలు, ప్లాస్టిక్ రెక్కలు. చిన్న సైకిలుకు షాకులంటే బరువే తప్ప ప్రయోజనం లేదు. ఇరవై అంగుళాల లోపు సైకిలుకు గేర్లు అక్కర్లేదు. మన ఊళ్ళో అవి చెడితే బాగుచేయించడం కూడా తలనొప్పే. పిల్లవాడికి రంగు ఎంచుకునే హక్కు ఇవ్వండి. కొలత, బరువు, బ్రేకు ఎంచుకునే హక్కు మన దగ్గర పెట్టుకోండి.

షాపులో పది నిమిషాలు

మన తాలూకా 1953లో బళ్ళారి జిల్లా నుంచి అనంతపురం జిల్లాలోకి వచ్చినా, పెద్ద కొనుగోలంటే మన కాళ్ళు ఈనాటికీ బళ్ళారి వైపే లాగుతాయి. యాభై కిలోమీటర్లు పోయినా సరే, పిల్లవాణ్ణి వెంట తీసుకుపోండి. వాణ్ణి ఇంట్లో పెట్టి, ఆశ్చర్యపరుద్దామని సైకిలు బస్సు మీద వేసుకొస్తే ఆశ్చర్యం మనకే కలగవచ్చు. ఊళ్ళోనే మనకు నచ్చిన కొలత దొరికితే మరీ మంచిది. రేపు నట్టు వదులైతే పోవలసింది ఆ షాపుకే గదా.

బ్రేకు పిడిని పిల్లవాడి చేతనే నొక్కించండి. వాడి వేళ్ళకు అందాలి, వాడి బలానికి నొక్కుడు పడాలి. మీ చేత్తో నొక్కి "బాగుంది" అనుకుంటే లాభం లేదు. బ్రేకు పట్టినప్పుడు రబ్బర్లు రిమ్ముకు ఆనాలి, టైరుకు రాసుకోకూడదు. ముందు చక్రం ఎత్తి తిప్పి చూడండి, అటూ ఇటూ ఊగుతూ తిరగకూడదు. చైనుకు పూర్తి కవరు ఉండాలి. లంగా అంచు, పైజామా కాలు, ఓణీ చిక్కుకునేది అక్కడే. హ్యాండిలు రెండు చివర్లా రబ్బరు పిడులు గట్టిగా ఉండాలి. ఉత్త గొట్టం బయటపడితే పడినప్పుడు కడుపులో గుచ్చుకుంటుంది. వెనకా ముందూ, పెడళ్ళకూ, చక్రాలకూ రిఫ్లెక్టర్లున్నాయా చూడండి. వీటి నాణ్యతకు కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రత్యేకంగా ఉత్తర్వు తెచ్చింది. గంట మోగుతుందో లేదో చూడమని చెప్పనక్కర్లేదు, ఆ పని పిల్లవాడే చేస్తాడు!

బిల్లు తప్పక అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. లెక్కల శాఖల్లో పనిచేసిన మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు, బిల్లు చూడటం వారికి నేను నేర్పనక్కర్లేదు. కొన్న వారం పది రోజులకు ఒకసారి షాపుకు తీసుకుపోయి నట్లన్నీ బిగించుకోండి. కొత్త సైకిలుకు వైర్లు సాగుతాయి, నట్లు వదులవుతాయి.

నేర్పే పద్ధతి

చిన్న సైకిళ్ళకు పక్కన రెండు బుల్లి చక్రాలు తగిలిస్తారు. అవి ఉన్నంతకాలం పిల్లవాడు తొక్కడం నేర్చుకుంటాడు గాని నిలదొక్కుకోవడం నేర్చుకోడు. సైకిలు మలుపు తిరగాలంటే మలుపు వైపుకు కొంచెం ఒరగాలి. పక్క చక్రాలు ఆ ఒరుగును అడ్డుకుంటాయి. అవి తీసేసిన రోజు పిల్లవాడు మళ్ళీ మొదటి నుంచి మొదలు పెట్టాలి.

అంతకన్నా మంచి దారి ఉంది. జర్మనీలో కార్ల్ డ్రైస్ 1817లో చేసిన మొట్టమొదటి రెండు చక్రాల బండికి పెడళ్ళే లేవు. కూర్చుని కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవడమే. పిల్లలకూ అదే వరుస బాగుంటుంది. రెండు పెడళ్ళూ విప్పేసి, సీటు బాగా దించి, కాళ్ళతో తన్నుకుంటూ పొమ్మనండి. కొన్నాళ్ళకు కాళ్ళు పైకెత్తి పది గజాలు జారుతూ పోతాడు. ఆ పది గజాలే సైకిలు విద్య. అప్పుడు పెడళ్ళు బిగిస్తే సాధారణంగా తొందరగానే పట్టుకుంటాడు. ఒక జాగ్రత్త: ఎడమ పెడలుకు మరలు తిరగేసి ఉంటాయి. కుడి పెడలు మామూలుగానే విప్పుకోవచ్చు, ఎడమదాన్ని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే వదులవుతుంది. తెలియక బలం పెడితే మర పాడవుతుంది.

వెనక పరుగెత్తే తాతలకు ఒక మాట. సీటు పట్టుకుని నడుము వంచి పరుగెత్తకండి, మన నడుములు అందుకు పనికిరావు. హ్యాండిలు అసలే పట్టుకోకండి, పిల్లవాడికి దాని పట్టు తెలియదు. వాడి చంకల దగ్గరో భుజం దగ్గరో తేలిగ్గా చెయ్యి వేసి నడవండి. పది నిమిషాలు నేర్పి ఆపండి, వాడు ఇంకా కావాలంటున్నప్పుడే ఆపండి. మర్నాడు వాడే మనల్ని లేపుతాడు.

చోటూ వేళా కూడా చూసుకోవాలి. మన ఊళ్ళో కొండ పక్క వీధులు వాలుగా ఉంటాయి, అక్కడ వద్దు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు వాళ్ళకు ఇసుకతో బాధ, చిన్న చక్రం ఇసుకలో దిగితే కదలదు. గట్టి నేల ఉన్న బడి మైదానం అన్నిటికన్నా మేలు. ఎండాకాలంలో ఉదయం ఎనిమిదికి ముందే ముగించండి. ఆషాఢంలో మన ప్రాంతపు గాలి ఎట్లాంటిదో మీకు తెలుసు, పెద్దవాణ్ణే వెనక్కు నెడుతుంది. ఆ రోజుల్లో పొద్దున్నే, గాలి లేవకముందే నేర్పాలి.

పల్లేరు కాయలూ జాలి ముళ్ళూ

కరువు సీమ సైకిలుకు అసలు శత్రువులు ఈ రెండే. వానలు పడ్డాక పల్లేరు తీగ దారి పక్కన పాకుతుంది, ఎండాక ఆ కాయలు టైరులో దిగుతాయి. సీమజాలి ముల్లయితే చెప్పనక్కర్లేదు. పంక్చరు వేయించినప్పుడు ట్యూబు ఒక్కటే చూస్తే చాలదు. టైరు లోపల గుడ్డతో తుడిచి చూడాలి, విరిగిన ముల్లు అక్కడే ఉంటే ఇంటికి వచ్చేలోపే మళ్ళీ గాలి పోతుంది. పాత ట్యూబును చీల్చి టైరుకూ ట్యూబుకూ మధ్య పట్టీలా వేసే పద్ధతి మన సైకిలు షాపుల వాళ్ళకు తెలిసిందే. కొంచెం బరువు పెరిగినా మన దారులకు మంచిది.

గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. గాలి తక్కువగా ఉంటే తొక్కడం బరువవుతుంది, పిల్లవాడు తనకే చేతకావడం లేదనుకుంటాడు. ఎంత గాలి పట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. ఎండలో గంటల తరబడి నిలబెడితే రబ్బరు పగులుతుంది, నీడన పెట్టండి. చైను మీద దుమ్ము తుడవకుండా నూనె పోస్తే ఆ రెండూ కలిసి ఆకురాయిలా అరగదీస్తాయి. ముందు తుడవాలి, తరువాత రెండు చుక్కలు వేయాలి.

భద్రత

చిన్న పిల్లలకు సైకిలు వల్ల తగిలే గట్టి గాయాల్లో కొన్ని తొక్కేటప్పుడు కావు, పెద్దవాళ్ళ వెనక క్యారియరు మీద కూర్చున్నప్పుడు తగిలేవి. కాళ్ళు వేలాడేసుకుని, నిద్రమత్తులో పాదం చక్రం పుల్లల్లోకి పోతే మడమ చీలిపోతుంది. ఇది డాక్టర్లు తరచుగా చూసే గాయమే. చిన్నపిల్లను వెనక కూర్చోబెట్టుకుంటే చక్రానికి జాలీ ఉండాలి, కాళ్ళు పెట్టుకునే ఆధారం ఉండాలి.

తలకు సైకిలు హెల్మెటు పెట్టించండి. మోటారు సైకిలు హెల్మెటు పిల్లల మెడకు బరువు, అది వద్దు. కనుబొమ్మలకు రెండు వేళ్ళ పైన అంచు ఉండాలి, గడ్డం కింద పట్టీలో ఒక వేలు దూరేంత బిగువు చాలు. పెద్ద రోడ్డు మీదికి పన్నెండేళ్ళ లోపు పిల్లల్ని ఒంటరిగా పంపవద్దని నా మనవి. రోడ్డు మీద లారీ ఎంత వేగంగా వస్తోందో అంచనా వేసే శక్తి చిన్న కళ్ళకు ఉండదు.

మనవరాలి మాట

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచిన సంగతికి వస్తాను. మన ఇళ్ళలో మనవడు అడిగితే సైకిలు వస్తుంది. మనవరాలు అడిగితే "నీకెందుకమ్మా, అన్న తొక్కి వదిలేశాక తొక్కుదువులే" అంటాం. పైకి ప్రేమగానే అంటాం. కానీ ఆ మాటతో ఆ పిల్ల అడగడం మానేస్తుంది.

తమిళనాడులోని పుదుక్కోట్టై కూడా మన సీమ లాంటి మెట్ట జిల్లాయే. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం సాగినప్పుడు, అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతో పాటు ఆడవాళ్ళకు సైకిలు నేర్పడం కూడా కార్యక్రమంలో చేర్చారు. కూలి పనులకు పోయేవాళ్ళూ, రాళ్ళ క్వారీల్లో పనిచేసేవాళ్ళూ వేల సంఖ్యలో నేర్చుకున్నారు. నీళ్ళకూ, సంతకూ, పనికీ ఎవరి కోసమూ ఎదురుచూడకుండా పోవడం మొదలుపెట్టారు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిళ్ళ పథకం పెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు పరిశీలించి, దానివల్ల హైస్కూలులో ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని తేల్చారు. మన రాష్ట్రంలో కూడా ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు "బడికొస్తా" పేరుతో సైకిళ్ళు పంచిన సంవత్సరాలున్నాయి.

మన చుట్టుపక్కల పల్లెల్లో హైస్కూలు రెండు మూడు మైళ్ళ దూరంలో ఉంటే, బస్సు వేళకు రాకపోతే, ముందు ఇంట్లో ఆగిపోయేది ఎవరి చదువో ఉపాధ్యాయులుగా పనిచేసిన మనందరికీ తెలుసు. పద్నాలుగేళ్ళప్పుడు ప్రభుత్వం సైకిలు ఇచ్చినా, దాన్ని తొక్కే ధైర్యం ఆరేళ్ళప్పుడే రావాలి. ఆ ధైర్యం ఇచ్చేది ప్రభుత్వం కాదు, తాతా అవ్వా. కొలత, బ్రేకు, బరువు ఆడపిల్లకైనా మగపిల్లవాడికైనా ఒకటే. అదనంగా చైను కవరూ, వెనక చక్రానికి బట్ట చిక్కుకోకుండా జాలీ చూసుకుంటే చాలు.

సంఘానికి ఒక ప్రతిపాదన

చివరిగా ఒక మాట. 12, 16 అంగుళాల సైకిలు ఒక పిల్లకు రెండేళ్ళ కంటే ఎక్కువ పనికిరాదు. మన సభ్యుల ఇళ్ళలో మెట్ల కిందా మిద్దెల మీదా ఎన్ని మంచి సైకిళ్ళు తుప్పు పడుతున్నాయో లెక్క వేయండి. సంఘం కార్యాలయంలో ఒక పుస్తకం పెడదాం. ఎవరి ఇంట్లో ఏ కొలత సైకిలు ఖాళీగా ఉందో, ఎవరికి ఏ కొలత కావాలో అందులో రాద్దాం. బ్రేకు రబ్బర్లు, ట్యూబులు మార్పించుకుని ఒకరి మనవడిది ఇంకొకరి మనవరాలికి చేరుతుంది. కుటుంబ పెన్షనుతో మనవల్ని సాకుతున్న సోదరీమణులు మనలో ఉన్నారు. వారి ఇళ్ళకు మొదటి వంతు ఇద్దాం. పాత సైకిలు తీసుకునేటప్పుడు ఫ్రేము అతుకుల దగ్గర పగుళ్ళు, తుప్పు ఉన్నాయేమో మాత్రం జాగ్రత్తగా చూడాలి. పగిలిన ఫ్రేమును రంగు వేసి దాచకూడదు, పాత ఇనుముకు వేసేయడమే మంచిది.

ఈ ప్రతిపాదనను కార్యవర్గం పరిశీలించవలసిందిగా కోరుతున్నాను. ఆ పుస్తకంలో మొదటి పేరుగా మా ఇంట్లోని 16 అంగుళాల సైకిలు రాసుకోవచ్చు. నిన్ననే గాలి కొట్టి పెట్టాను.